ఆరబెట్టమని ఇచ్చిన గుడారం

పదకొండేళ్లుగా తాలిన్ నగరంలో ట్రామ్ నడుపుతున్నాను.
నా పనంతా పట్టాల మీదే.
ఎక్కడ ఆగాలో ముందే రాసి ఉంటుంది,
తలుపులు నా బొటనవేలి మాట వింటాయి.
బిడ్డని కూడా అలాగే పెంచొచ్చనుకున్నాను.

ఉకుకి ఎనిమిది నిండాయి.
బూటు లేసు నేనే కడతాను,
రొట్టె అంచులు నేనే కోసి పారేస్తాను,
ఎవరైనా పేరడిగితే
వాడు నోరు తెరిచేలోగా నేనే చెప్పేస్తాను.

మే నెల, శుక్రవారం. ఊబినేల అంచున బస్సు దిగాం.
పన్నెండుమంది పిల్లలు, మెడల్లో నీలం రుమాళ్లు.
వాళ్లకి ముందు హెల్యు.
ముప్ఫై ఏళ్లు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసిన మనిషి,
గొంతు పెంచడం ఆమెకి రాదు.
"సంచి వాడే సర్దుకున్నాడా?" అంది.
"వాడే," అన్నాను.
చెవులు వేడెక్కాయి.
"తల్లిదండ్రులు నాకు చెయ్యగలిగిన సాయం ఒకటుంది,
చేతులు జేబుల్లో పెట్టుకోండి.
చలికి కాదు,
వీళ్లు కనుమరుగయ్యేదాకా."

చెక్కబాట మీద వరసగా వెళ్లిపోయారు.
పొట్టి పైన్ చెట్లు, నల్లటి నీటి మడుగులు.
అడుగు జారి పక్కన పడితే
నిద్రలో ఒత్తిగిలిన మనిషిలా నేల కదులుతుంది.
ఉకు లేసు ఊడింది. చూశాను.
జేబులో నా వేళ్లు ముడి వేస్తూనే ఉన్నాయి.

రెండు రాత్రులు.
మా ఇంట్లో అంత నిశ్శబ్దం ఫ్రిజ్‌కి కూడా కొత్త.
శనివారం వాన.
వంతెన దగ్గర ట్రామ్‌ని ఒక నిమిషం ఎక్కువ ఆపి
మబ్బు ఎటు పోతోందో చూశాను.
వెనక ఎవరో దగ్గారు.

ఆదివారం అదే అంచున వాడు తేలాడు.
ఒంటి నిండా పొగ వాసన, మోకాళ్ల దాకా బురద.
ముద్దు పెట్టబోతే రొట్టె అడిగాడు,
అంచులతో సహా తిన్నాడు.
నములుతూనే చెప్పాడు:
వానలో నిప్పు రాజేయాలంటే బర్చ్ చెట్టు బెరడు కావాలట,
ఏడు అగ్గిపుల్లలు వృథా అయ్యాయట,
ఎనిమిదోది వాడిదట.
లీసి అనే పిల్ల రాత్రి ఏడ్చిందట.
ఏమనాలో తెలీక
వాడు పక్కన కూర్చుని
తన పేరు చెప్పాడట.

ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను,
పట్టాలు లేని చోట.

"అమ్మా, నీ ఫోను."
మేజోడులో నేను దాచి పంపిన పాత ఫోను.
హెల్యు దాన్ని బిస్కెట్ డబ్బాలో వేసి మూత పెట్టిందట.
అందులో అప్పటికే ఐదున్నాయట.
"నలుగురు అమ్మలవి," అని,
న్యాయంగా ఉండాలని కాబోలు,
"ఒక నాన్నది," అని కలిపాడు.

హెల్యు మాత్రం నన్నేమీ అనలేదు.
తడిసి ముద్దయిన గుడారం తెచ్చి
"ఆరబెట్టి గురువారం తెండి," అంది.
పుచ్చుకోవాలంటే జేబుల్లోంచి చేతులు తీయాల్సి వచ్చింది.

రెండు గదుల ఇల్లు మాది.
తలుపు మీద, బీరువా మీద, కుర్చీల మీద పరిచాను.
దాని కింద నుంచి వంగి వంటింట్లోకి పోతున్నాం.
సూదుల్లాంటి పైన్ ఆకులు, నలిగిన దోమ ఒకటి,
ఓ మూల చిరుగు.
చిరుగుకి కుట్లు.
ఒకటి పొడుగు, ఒకటి పొట్టి,
ఒకటి దారి తప్పి వెనక్కి వచ్చింది.
ఎవరివో అడగక్కర్లేదు.

విప్పి మళ్లీ కుడదామని
కత్తెర తెచ్చాను కూడా.
నా కుట్టు చీమలబారులా ఉంటుంది, అందరూ అంటారు.
చాలాసేపు నిలబడ్డాను.

లోపలి గదిలో ఉకు
కుర్చీ కాలికి లేసు కట్టి, విప్పి, కట్టి,
తనలో తను తిట్టుకుంటున్నాడు.

కత్తెర సొరుగులో పెట్టేశాను.
కుట్ల మీద మైనం మాత్రం రుద్దాను,
వాన లోపలికి రాకుండా.
ఆపాటి చెయ్యొచ్చని
నాకు నేనే సెలవిచ్చుకున్నాను.
హెల్యుని అడగలేదు.