ఎడమవైపు ఖాళీ

పాత్రెక్స్‌ఫ్యోర్దుర్ రేవులో తూకం గది
తెల్లవారుజాము నాలుగింటికే మేలుకుంటుంది.
కిటికీ అవతల చీకటి కాదు, వెలుగూ కాదు,
ఉప్పు పట్టిన బూడిదరంగు ఏదో.
స్టైన్‌వోర్ కాఫీ కప్పుని కీబోర్డుకి ఎడంగా జరిపి
డేటాబేస్‌ని రోజూ అడిగే మాటే అడుగుతుంది:
నిన్న ఎవరు ఎంత తెచ్చారు?

అది నిజమే చెబుతుంది.
చెప్పే తీరే బాగుండదు.
ఎనభై ఏడు కిలోల పడవ
రెండువేల పడవ కింద చేరి
దాని వేల స్థానంలో తన ఎనిమిదిని నిలబెట్టి
ఛాతీ విరుచుకుంటుంది.
పొట్టి పేరు వెనక పొడుగు పేరు,
తాగి నడిచినవాడి అడుగుల్లా అంకెలు.

అందుకని పేర్లకి కుడివైపు చుక్కలు పోసింది,
ఇరవై అక్షరాల దాకా, ఎవరి కొరత మేరకు వాళ్ళకి.
తూకాలకి ఎడమవైపు ఖాళీలు పెట్టింది.
నాలుగు గళ్ళు.
ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు,
పలక మీద కూడిక నేర్చిన ఎవరికైనా తెలిసిన మర్యాద.
మొదట సున్నాలే పెట్టింది.
ఎడమ సున్నాకి విలువ లేదు, నిజమే.
కానీ 0087 చూసి ముసలి గ్రెత్తిర్
"నా చేపలకి జైలు నంబరు వేశావేం?" అన్నాడు.

పద్యాలు కట్టేవాళ్ళు దీన్నే పాదపూరణం అంటారు.
గణం చాలనిచోట ఓ "మఱి", ఓ "తగన్".
అర్థాన్ని పెంచవు, అడుగు తప్పనివ్వవు.

ఒక్క వరస మాత్రం చాన్నాళ్ళు వంకరే.
థోర్దీస్ పేరులో ఈ భాష ఇంటి అక్షరాలు మూడున్నాయి.
యంత్రం ఒక్కోదాన్ని రెండుగా లెక్కపెట్టి
మూడు చుక్కలు మింగేసేది.
బైట్లు కాదు, అక్షరాలు లెక్కపెట్టు అని
దానికి నచ్చజెప్పడానికి ఒక మధ్యాహ్నం పట్టింది.

ఏప్రిల్ ఆఖర్లో ఓ రాత్రి
స్వాన్‌లౌగ్ పడవ అంచుల దాకా మునిగి వచ్చింది.
కాడ్ చేప.
పదకొండు వేల రెండువందల నలభై కిలోలు.
ఆ రేవు చిన్న పడవలు అంతకుముందెన్నడూ
నాలుగంకెలు దాటి ఎరగవు.

పొద్దున గోడ మీద కాగితం:

2310
    87
1124

ఎర్ర అక్షరం రాలేదు. గంట మోగలేదు.
నాలుగు గళ్ళిచ్చావు, నాలుగే నింపాను అన్నట్టు
ఆ ఫంక్షన్ చివరి సున్నాని కోసేసి
వరస చూసుకుని ఊరుకుంది.
ఇది కుడి సున్నా.
దాంతోపాటు పదివేల నూటపదహారు కిలోలు
ఎవరికో కట్నం చదివించినట్టు వెళ్ళిపోయాయి.
ఆ పొద్దున కాగితం
ఎప్పటికన్నా అందంగా ఉంది.

స్వాన్‌లౌగ్ గొడవ చెయ్యలేదు.
తొడుగు తీసి, బొబ్బలెక్కిన అరచేతిని
తన పేరు పక్కన గోడకి ఆనించింది.
"ఇది వెయ్యి కిలోలు లాగిన చెయ్యి కాదు" అంది.

స్టైన్‌వోర్ చెవులు ఎర్రబడ్డాయి.
టేబుల్లోకి వెళ్ళి చూసింది, లెక్క పదిలంగానే ఉంది.
చూపించేటప్పుడు పోయింది, అంతే.
నాలుగు కొట్టేసి ఏడు చేసింది.

కొత్త కాగితం దగ్గర గ్రెత్తిర్ నిలబడ్డాడు.
చూపు ఆనదు, చుక్కలవెంట వేలు నడిపిస్తాడు.
చుక్కలు అయిపోయాక వేలు తడబడింది.
"ఇంత తెలుపెందుకమ్మా, కాగితం ఊరికే వస్తోందా?"
"ఇంకా పట్టని చేపలకి."
అతను కాసేపు ఏమీ అనలేదు.
"పుస్తకంలో చేత్తో రాసే రోజుల్లో
కుడి అంచు నుంచి మొదలెట్టేవాణ్ణి.
ఒకట్లు ముందు, తర్వాత పదులు.
ఎడమకి ఎక్కడ ఆగాలో చేప చెప్పేది."

అని, పాత కాగితం గోడ నుంచి పీకి
నాలుగు మడతలు పెట్టి
గాలికి కొట్టుకుంటున్న తలుపు సందులో దూర్చాడు.