ఎడమ పురి

బడికి ప్రయోగశాల లేదు.
ఒక కిటికీ ఉంది: సగం అద్దం, సగం అట్టముక్క.
ఒరూరో ఆసుపత్రి వాళ్లు పారేయబోతే
అడిగి తెచ్చుకున్న అయోడిన్ సీసా ఉంది.

ముందు బంగాళాదుంప ముక్క మీద ఒక చుక్క.
నీలం, అన్నాడు రెంబెర్తో.
నలుపు, అన్నారు వెనక బెంచీవాళ్లు.
కాదు, తెల్లారబోయే ముందు
సహామా కొండ వెనక ఆకాశం, అంది నైదా.
ఇక ఆగలేదు.
రొట్టె మీద, సుద్దముక్క మీద,
రెంబెర్తో మోచేతి దెబ్బ మీద,
చివరికి కుక్క చెవి మీద.
"కుక్కలో పిండిపదార్థం లేదు"
బుద్ధిగా నోటుపుస్తకాల్లో రాసుకున్నారు.

లామా కొవ్వు రుద్దితే
కాగితం వెలుతుర్ని లోపలికి రానిచ్చింది.
అట్టముక్క పీకేసి దాన్ని అతికించారు.
ఇప్పుడు బడికి కిటికీ ముప్పావు.

గుడ్డు తెల్లసొన ఊదారంగుకి తిరగాలంటే
మైలుతుత్తం కావాలి, దొరకలేదు.
ఉడకబెట్టుకుని తిన్నాం.
ఈ ఎత్తులో నీళ్లు తొందరపడి మరుగుతాయి,
గుడ్డు మాత్రం తొందరపడదు.
ప్రొటీన్ గురించి ఇంతకంటే బాగా చెప్పడం నాకు రాదు.

మిగిలింది పుస్తకంలో చివరి బొమ్మ,
మెలితిరిగిన నిచ్చెన.
దాన్ని కళ్లారా చూడాలట.
చూడాలంటే చల్లటి సారా కావాలి.

సారా ఉన్నది ఎపిఫానియా అవ్వ ఇంట్లో.
మొదటి చుక్క నేలతల్లికి పోస్తానంటేనే ఇచ్చింది.
ఆ రాత్రి దుంపలతో పాటే సీసానీ
గడ్డి మీద, మంచుకి వదిలేశాం.
మంచు ప్రతి దుంపలోకీ దూరి
కంటికి కనపడని గోడలన్నీ పగలగొట్టింది.
పొద్దెక్కాక మేమంతా చెప్పులు విప్పి తొక్కాం.
నీళ్లు పాదాల కిందనుంచి పారిపోయాయి.
ఎండితే మిగిలేది రాయంత తేలికైన ఆకలి మందు,
పదేళ్లైనా పురుగు పట్టదు.
"ఇదేగా నీ పాఠం, టీచరూ?" అంది అవ్వ.
సగం అదే.

దుంప మొలకలు నూరి, ఉప్పు, సబ్బునీళ్లు కలిపి,
వడకట్టి, గ్లాసు అంచు వెంబడి
మెల్లగా, మెల్లగా సారా.
రెండు నీళ్ల మధ్య తెల్లగా ఏదో లేచింది.
మబ్బు, అంది నైదా.
చీమిడి, అన్నాడు రెంబెర్తో.
అగ్గిపుల్లకి చుట్టి పైకెత్తాను.

చేతిలో కదురు ఆపకుండానే అవ్వ వంగి చూసింది.
"పీచు బాగాలేదు. దీంతో బొంత కూడా రాదు."
తర్వాత తలెత్తి బోర్డు మీది బొమ్మ చూసింది.
కదురు ఆగింది.
"ఇదెవరు వడికారు?"

నా దగ్గర జవాబు లేదు.
రెండు పేటలు, కుడి పురి, అని చదివాను.
"కుడి ఎవరన్నారు? ఇటు ఎక్కే పేటల్ని
మేం ఎడమ అంటాం.
రోజూ కట్టే బట్టకి ఇది వాడం.
కడుపుతో ఉన్న పిల్ల చేతికి కడతాం,
పుట్టినబిడ్డకి కడతాం,
పోయినవాళ్ల కాలికి కడతాం."
వేలితో గాల్లో గీసి చూపించింది.
నేనూ గీశాను.
రెండు వేళ్లూ ఒకే దారిన తిరిగాయి.

"కుక్కలో కూడా ఉందా?" ఎవరో అడిగారు.
కుక్కలోనూ.
"పొద్దున తొక్కిన దుంపల్లో?"
వాటిలోనూ.
అవ్వ తన పాదాల వైపు చూసుకుంది, ఏమీ అనలేదు.

పరీక్షలో మాత్రం కుడి అనే రాయండి, అన్నాను.
అందరూ రాసుకున్నారు.
నైదా పెన్ను పక్కన పెట్టి, అరచెయ్యి వెల్లకిలా తిప్పి,
మణికట్టు మీది మాసిన పోగును
చాలాసేపు చూస్తూ కూర్చుంది.