బొటనవేలు

సున్నాకి కింద ముప్పై నాలుగు.
ఉలాన్‌బాతర్‌లో జనవరి అంటే ఇదే,
కన్ను ఆర్పితే రెప్పకి రెప్ప అతుక్కునే కాలం.

ఈ వార్డులో పదకొండు చలికాలాలు చేశాను.
మంచు ఎవరిని ఎక్కడ కొరికిందో చూస్తే
ఏం చేస్తుండగా కొరికిందో చెప్పేస్తాను.
చెవులైతే గొర్రెల వెంట పోయినవాడు,
పాదాలైతే తాగి దారి మరిచినవాడు,
ముక్కుకొస అయితే మోటార్‌సైకిల్.
ఆరో మంచం కుర్రాడి దగ్గరే తప్పాను.
తొమ్మిది వేళ్ళూ నిక్షేపంలా ఉన్నాయి.
కుడి బొటనవేలు ఒక్కటీ
కాల్చిన వంకాయ తొక్కలా.

పేరు అంఖ్‌బయార్. టైర్ల షాపులో పని.
అమ్మమ్మ ఒంటె ఉన్నితో అల్లిన తొడుగులు చూపించాడు.
కుడిదానికి బొటనవేలి కొస
కత్తెరతో గుండ్రంగా కోసి ఉంది.
అద్దానికి చర్మం తగలాలి కదక్కా, అన్నాడు,
నాకేదో తెలియనట్టు.

ఆ సాయంత్రం పాత టైర్ల దొంతర ఎక్కి
ఈలపాట వేసి వీడియో పెట్టాడట.
బస్‌స్టాప్ చేరేసరికి నలభై హృదయాలు.
మొదటి బస్సు వచ్చింది.
లోపల జనం ఒకరిమీద ఒకరు, ఫోను తీసే చోటుండదు,
యాభై అయ్యాక ఎక్కుదాంలే అనుకున్నాడు.
రెండోది వచ్చినప్పుడు, సరిగ్గా అప్పుడే,
ఎవరో ఏదో రాస్తున్నట్టు
మూడు చుక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.
ఏం రాస్తారో చూడకుండా ఎలా ఎక్కడం?
చుక్కలు ఆగిపోయాయి. ఏమీ రాలేదు.
మూడో బస్సు సంగతి వాడికి గుర్తులేదు.

నొప్పి పుట్టలేదురా?
పుట్టింది.
తర్వాత పోయింది.
పోయాక బాగుంది.

ఇక్కడికి వచ్చేవాళ్ళందరూ ఈ మాటే అంటారు.
ఆ బాగుండటానికే మేం భయపడతాం.

డాక్టర్ త్సెత్సెగ్‌మా నలుపు అంచున పెన్నుతో గీత గీసింది.
ఎక్కడిదాకా పాకుతుందో చూద్దాం,
ఆగినచోట తీసేద్దాం, అంది.
షాపు యజమాని వచ్చాడు, రొట్టె పొట్లంతో.
బొటనవేలు లేకుండా పానా ఎలా పడతావని
అడగబోయి, రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు.
ఏ గురువూ దక్షిణ అడగలేదు.
వీడే ఇచ్చుకున్నాడు, కొసరు కొసరుగా.

కట్టు కట్టాక ముక్కుతో మొదలుపెట్టాడు.
అద్దంమీదికి వంగి, పైకీ కిందికీ.
పక్కమంచం లువ్సన్‌దోర్జ్ తాత, ఎడమచెవి పోయినాయన,
మేకపిల్ల ఉప్పురాయి నాకుతున్నట్టుందని
పొట్ట పట్టుకుని నవ్వాడు.
మూడోరోజుకి తాత తల కూడా
అదే వెలుగులోకి వంగి ఉంది.

రాత్రి మూడు దాటింది.
బల్లమీద ఉప్పుటీ చల్లారి మీగడ కట్టింది.
రిజిస్టరు రాయాలి. ఒక్క నిమిషం అని ఫోను తీశాను.
ఆ ఒక్క నిమిషం ఎంతసేపో అడగకండి.
అక్కడ కనిపించాడు: టైర్లు, ఈల,
నోటి ఆవిరి మొహాన్ని సగం కప్పేస్తూ.
నూట పదకొండు హృదయాలు.
అందులో ఎర్రగా నాదొకటి.
ఎప్పుడు నొక్కానో తెలీదు.
డ్యూటీకి వస్తూ ఏదో బస్సులో,
సీటు దొరికిన సంతోషంలో అయ్యుంటుంది.
పాట చివరిదాకా విన్న గుర్తు కూడా లేదు.

మెల్లిగా మళ్ళీ నొక్కాను.
ఎరుపు పోయింది. నూట పది.

ఆరో మంచం దగ్గర నీలం వెలుగు.
అక్కా, అని పిలిచాడు.
జ్వరమేమోనని పరిగెత్తాను.
వేలు తీసేస్తారని చెప్పినప్పుడు ఏడవనివాడు
కళ్ళనిండా నీళ్ళతో ఉన్నాడు.
ఒకటి తగ్గిందక్కా, అన్నాడు.
ఎవరై ఉంటారు?

పడుకో, అన్నాను.
కోటు జేబులో నా బొటనవేలు
వెచ్చగా,
ఆగకుండా కదులుతోంది.