ముట్టరాదు

భువనేశ్వర్‌లో హాలు కప్పు కారుతోందని
ఆ పదకొండు జపాను కుండలూ
ఆఖరి నిమిషంలో మా పర్లాకిమిడికొచ్చాయి.
పెట్టెలు దింపింది కొమ్ముపని వీధి కుర్రాళ్లు,
దువ్వెన పళ్లు కోసే చేతులతో
ఒక్కో మేకునీ నొప్పి తెలియకుండా పీకారు.

నేను డ్రాయింగు మాస్టర్ని. ఆ వారం దుబాసీని.
ఆవిడ పేరు హిసానో. అరవై దాటిన మనిషి,
గోళ్లు నా గోళ్లకంటే పొట్టి.
ఆవిడ జపానీలో ఒకటంటుంది,
పక్కనున్న కుర్రాడు ఇంగ్లీషులో అందులో సగమంటాడు,
ఆ సగాన్ని నేను తెలుగులోకి, మళ్లీ ఒడియాలోకి వంపుతాను.
నాలుగో గిన్నెలోకి చేరేసరికి
అడుగున ఎంత మిగిలిందో ఎవరు కొలిచారు?

తెర మీద ఆవిడ బట్టీ. ఎనిమిది రాత్రుల మంట.
బూడిద ఎగిరి పడ్డచోటే రంగట, వేరే పూయలేదట.
ఒక కూజా మెడ వాలిపోయి ఉంది,
గుణుపురం బస్సులో నిద్రపోయిన ముసలాయనలా.
"నిలబెట్టబోయి మానుకున్నాను" అంది.
కాలేజీ పిల్లలు రాసుకున్నారు.

ముందు వరసలో తవిటమ్మ.
ఏరవతల కుమ్మరి వీధి నుంచి ఆటోలో తెచ్చి
కూచోబెట్టారు, ఫొటో కోసం.
ముట్టరాదు అని మూడు భాషల్లో రాసింది నేనే,
మూడూ చదవడం ఆమెకు రాదు.
లేచి వెళ్లి ఆ వాలిన కూజాని
మడిచిన వేలితో టక్కుమనిపించింది,
సంతలో మనం ఆమె కుండని కొట్టి చూసినట్టే.
ఖగేశ్వర్ లాఠీతో పరిగెత్తాడు.
హిసానో వేదిక దిగి, చెవి దగ్గరగా పెట్టి,
ఇంకోసారి కొట్టమంది.

"ఇది ఎవులింటికెల్తాది బావూ?"
నేను జాబితా చూశాను. బీమా విలువ చూశాను.
అంకె చెప్పలేదు. "మళ్లీ పెట్టెలోకే" అన్నాను.
"నీల్లు పొయ్యరా?"
"పొయ్యరు."
"పాపం."
ఈ మాటకి ఇంగ్లీషు నాకు దొరకలేదు.

మీరేం చేస్తున్నారిప్పుడు, అని హిసానో అడిగింది.
నీళ్లకెవరూ కొనడం లేదంది తవిటమ్మ, ఫ్రిజ్జులొచ్చాయి.
పెళ్లికి ఐరేని కుండలు,
అవీ ఇప్పుడు ప్లాస్టిక్‌వి దొరుకుతున్నాయి.
ఇక తప్పనిది చితి చుట్టూ తిరిగే కుండ,
భుజమ్మీద మూడు చిల్లులు పడి
వెనక్కి జారి పగిలేది.
"నలబై రూపాయలు. పగలకపోతే తప్పు."

నేను దాన్ని "శుభాశుభ కార్యాలకి" అని తిప్పాను.
ఆ కుర్రాడు దాన్ని ఇంకా నున్నగా చేశాడు.
హిసానో నడుము దాకా వంగి నమస్కరించింది.
దేనికో నాకు తెలుసు, ఆవిడకు తెలియదు.

ఆ రాత్రి అన్నం సయించలేదు.
మా నాన్నకి కుండ కొన్న పొద్దున
నేను బేరమాడాను.
ముప్పయ్యయిదుకి.

పన్నెండో రోజు సర్దుడు.
పగిలినవి లేవు, అని సంతకం పెట్టాను.
పెట్టెల్లో మిగిలిన చెక్కపొట్టు
ఆవానికి పనికొస్తుందని తవిటమ్మ మూట కట్టుకుంది.
నెల తరవాత ఏరు దాటి వెళ్లి అడిగాను,
సముద్రం దాటొచ్చిన పొట్టు కదా,
మంటలో తేడా ఏమైనా కనిపించిందా అని.
"పొట్టు పొట్టే బావూ" అంది.

ఇంకా వెచ్చగా ఉన్న ఒక కుండని
నా ముందుకి జరిపి
"కొట్టి సూడు" అంది.
మడిచిన వేలు
గాల్లోనే ఆగిపోయింది.