మంచు కాదు

ఆదివారం. పొద్దున్నే రేడియోలో
కొండ ఎత్తున గాలి ఎటు వీస్తోందో చెప్పారు.
తూర్పుకట. అంటే ఇవాళ అవతలి ఒడ్డు వాళ్ళ వంతు.
మా కగొషిమలో ఆ వార్త వినకుండా
బట్టలారేసేవాళ్ళు లేరు, కారు కడిగేవాళ్ళూ లేరు.

నేను ఫెర్రీలోకి కార్లు ఎక్కిస్తాను.
"ఇంకొంచెం... ఇంకొంచెం... ఆపండి."
పావుగంట దాటుకి
పద్ధెనిమిదేళ్ళుగా ఇవే నా మాటలు.
మనుషుల ముఖాలు గుర్తుండవు గాని
ఎవరి బంపరుకి ఎక్కడ సొట్టో చెప్పగలను.
నా కారు మాత్రం ఆరు రోజులూ
రేవు పక్కన బూడిద కప్పుకుని పడుంటుంది,
జ్వరమొచ్చి ముసుగుతన్నిన మనిషిలా.

ముందు నీళ్ళు. తర్వాతే చేయి.
ఇక్కడ బళ్ళో చేరని పిల్లలకీ తెలుసు.
మా బూడిద పొయ్యిలోది కాదు,
పిండి చేసిన గాజు.
పొడిగుడ్డ తగిలిందా, రంగు మీద పిల్లి రక్కినట్టే.
గొట్టం పైకెత్తి
కప్పు మీంచి, అద్దాల మీంచి, వైపర్ల సందుల్లోంచి
నల్లనీళ్ళు తేటబడేదాకా వదుల్తాను.
బూడిదలో పోసిన పన్నీరంటారు,
నాది పన్నీరు కూడా కాదు,
రెండు నెలలకోసారి బిల్లొచ్చే కుళాయి నీరు.

సబ్బు అయ్యాక
చేతికి పల్చటి ప్లాస్టిక్ సంచి తొడిగి
బానెట్ నిమురుతాను.
కంటికి నున్నగా కనిపించిందంతా
వేళ్ళకింద గరగరమంటుంది.
బంకముద్ద తీసుకుని, తడిపి, జార్చి, మడిచి,
మళ్ళీ తడిపి, జార్చి,
ఆ గరగర నోరుమూసేదాకా.

అప్పుడు ఎండ పక్కవాటుగా పడింది.
అవి కనబడ్డాయి.
ఎడమ తలుపు నుంచి బానెట్ దాకా
చీపురు గీసిన సన్నటి వంపులు.

నాలుగేళ్ళ కింద నేను ఆస్పత్రిలో ఉన్న వారం.
ఎదురింట్లోకి కొత్తగా దిగిన తెరాషిమా గారు,
ఉత్తరాదిన, మంచు మోకాళ్ళదాకా పడే ఊరివాడు,
ఎవరూ అడక్కుండానే
నా కారు మీది బూడిద
మంచు ఊడ్చినట్టు పొడిచీపురుతో ఊడ్చేశాడు.
తిరిగొచ్చి చూసి
గొంతులోకి వచ్చిన మాట మింగి
"చాలా థాంక్స్" అన్నాను.
అప్పట్నుంచీ ఆ మాట నా దగ్గరే ఉంది.

పాలిష్ రాసి అరగంట రుద్దితే పోతాయి.
డబ్బా మూత కూడా తీశాను.
"అటు పక్క నేనే కదా?"
వెనకాల ఆయన, చేతిలో ఖాళీ బకెట్.
ఎప్పటినుంచి తెలుసో అడగలేదు.
"మంచైతే కరిగేది," అన్నాడాయన, తనలో తనే.

డబ్బా మూత బిగించి
మైనం డబ్బా తెరిచాను.
కొంచెం, మరీ కొంచెం, గుండ్రంగా.
ఆరిన మైనం తెల్లగా పొగచూరి
కారు మీద మళ్ళీ బూడిద పడ్డట్టే ఉంది.
ఇద్దరం నవ్వుకున్నాం. మెత్తటి గుడ్డ ఒకటి ఇచ్చాను.
దానంచున కుట్టిన చీటీ చూసి
తన జేబుకత్తెరతో కత్తిరించాడు,
గీత పడుతుందని.
ఎడమవైపు ఆయన తుడిచాడు,
బిడ్డ ఒళ్ళు తుడిచినట్టు కాదు,
అప్పు తీర్చినట్టు, లెక్క చూసుకుంటూ.
గీతలు పోలేదు. మైనం కింద
కాస్త లోపలికి వెళ్ళాయంతే.

బానెట్‌లో కొండ తలకిందులుగా నిలబడింది.
దాని పొగ మా కాళ్ళవైపు దిగుతోంది.
అది చూసి ఇద్దరం ఒకేసారి పైకి చూశాం.
పొగ కొస
ఇటు తిరుగుతోంది.

ఆయన గుడ్డ నాలుగు మడతలు వేసి
కడిగి తెస్తానని పట్టుకెళ్ళాడు.
నేను గొట్టం చుట్టలేదు.