రెండొందల పన్నెండు

ఉలవపాడులో నూకతోటి యెహెజ్కేలు అయ్యగారిని
ఊరంతా బిషప్పు అనేది.
బాప్టిస్టుల్లో బిషప్పులుండరని చెప్పీ చెప్పీ విసిగి
చివరికి ఆ పేరుకే పలకడం మొదలుపెట్టాడాయన.

ఆదరణ కూడిక అయిన మర్నాడు
జిల్లా గ్రంథాలయం నన్ను పంపింది,
పుస్తకాల జాబితా రాసుకు రమ్మని.
బీరువాలు లేవు.
నిలువుగా పేర్చిన మామిడికాయల పెట్టెలు,
బంగినపల్లి అని నీలం సిరా ముద్ర,
మూలల్లో ఇంకా రాలని వరిగడ్డి.
హీబ్రూ నిఘంటువు, పశువైద్యం, శతకాలు,
రైల్వే టైంటేబులు, ఎప్పుడో ఆగిపోయిన బండ్లతో సహా.
నూట తొంభై దాకా చెయ్యి ఆగకుండా రాశాను.

రెండొందల పన్నెండు బరువుగా వచ్చింది.
దూడతోలు అట్ట. లోపలంతా లాటిను.
మొదటి కాగితం మీద మాసిన సిరా:
ఎడ్మండ్ థారల్డ్, ఏదో ఊరికి బిషప్పు,
పదహారు వందల ముప్పై నాలుగు.
కింద వణికిన చేత్తో
పదిహేడేళ్ల తర్వాతి తేదీ, రెండు మాటలు.
ఆ కింద అయ్యగారి గుండ్రటి తెలుగు:
"మళ్లీ నాది, అంటున్నాడు."

మిగతాది సువార్తమ్మ చెప్పింది,
చింతపండు గింజలు తీస్తూ.
"ఆ దేశంలో రాజుకీ జనానికీ యుద్ధమంట.
రాజు తల తీశారంట.
ఈయన పదవి పీకి, పుస్తకాలు బండ్లకెత్తి వేలం వేశారంట.
ముసలాయన గుర్రాన్ని అమ్ముకొని
సంత సంతా తిరిగి
తన పుస్తకాలు తానే కొనుక్కున్నాడంట.
మా ఆయనకి ఇదంతా ఎట్టా తెలుసో!
సగం కల్పించుంటాడు. బోధకుడు గదా."

పుస్తకం ఇక్కడికొచ్చింది డాక్టరు దొరసాని ట్రంకులో.
మిషను బంగళా సామాను వేలం నాడు
కుర్చీలు కరణంగారు పాడుకున్నారు,
గడియారం షావుకారు.
ఇది రెండు రూపాయలన్నా ఎవరూ ముట్టలేదు.
అయ్యగారు తెరవలేదంట ముందు,
వాసన చూశాడంట.
"తంగేడు చెక్క కాదిది. వేరే చెట్టు.
సున్నంలో ఎక్కువ నానేశారు.
మా నాయనైతే ఒక రోజు ముందే తీసేవాడు."

ఆ నాయన కుట్టిన కపిల బానలు
ఈ తోటలన్నిటికీ నీళ్లు తోడాయి.
ఆ నాయన్ని బడి గడప దాటనియ్యలేదు,
పుస్తకాలు మైలపడతాయని.
అట్ట మీద వేలు పెట్టి నవ్వేవాడంట అయ్యగారు,
ఒక్కడే,
కంచంలో అన్నం చల్లారిపోతున్నా.

మన్నేరు పొంగిన ఏడు మూడు పెట్టెలు కొట్టుకుపోయాయి.
ఎండిన కాగితాలు సింగరాయకొండ స్టేషను పక్కన
బజ్జీల బండికి చేరాయి.
రోజూ నాలుగింటి పాసింజరు వేళకి పోయి
ఆకలి లేకున్నా బజ్జీలు కొని
పొట్లం విప్పి, నూనె మరకల్లో
తన పేజీలు వెతుక్కునేవాడు.
దొరికిన ప్రతి ముక్క మీదా అవే రెండు మాటలు.
"ఆ ఏడంతా ఆయన కడుపు బాగాలేదు," అంది సువార్తమ్మ.
"మళ్లీ నాది, మళ్లీ నాది అని రాసుకున్నాడే గానీ
నన్నొక్కసారీ అనలేదు."

ఆఫీసులో ముందే చెప్పారు:
తెలుగువి విడిగా, తక్కినవి తూకానికి.
విలువ అన్న గడి ఖాళీగా వదిలేశాను.
ఆమె టీ పెట్టడానికి లోపలికెళ్లింది.
మొదటి కాగితం తెరిచి పెన్ను మూత తీశాను.
మళ్లీ అనడానికి
అసలిది నాదెప్పుడు?
మూత పెట్టేశాను.

జాబితాలో రెండొందల పదకొండు తర్వాత
రెండొందల పదమూడు వేశాను.

ఒంగోలు బస్సు. ఒళ్లో సంచి.
టంగుటూరులో ఎక్కిన పొగాకు బ్యారను కూలామె
ముక్కు ఎగబీల్చి
"ఏందమ్మా, తోలు కంపు?" అంది.
"చెప్పులు," అన్నాను.
"కొత్తవి."