గిరింపేటలో లీకు

చెంగల్రాయుడు గడ్డపార దించినాడు.
మొదట తారు.
దాని కింద ఇంకో తారు.
దాని కింద పోయినసారి ఎలక్షన్ల తారు.

మోకాటి లోతున గుట్కా కవర్లు,
నల్లబడిన మామిడి టెంకలు.
"జ్యూసు ఫ్యాక్టరీల కాలం" అన్నాడు మేస్త్రీ.

నడుము లోతున కంకర,
బెల్లం బండ్ల కోసం పరిచింది.
సగం అరిగిన ఎద్దు నాడా ఒకటి దొరికింది.
ఏ ఎద్దు, ఎవరి బండి, ఎన్ని దిమ్మెలు మోసిందో
ఏ గెజిట్‌లోనూ ఎక్కలేదు.
ఎవరో గ్రీమ్స్ దొర పేరు మాత్రం పేటకెక్కిందంట.
మా నాలికల మీద నలిగి నలిగి
గిరింపేట అయ్యింది.
ఆయన మీద మేం తీర్చుకునింది అదొక్కటే.

రొమ్ము లోతున సున్నం, పలకల్లాంటి ఇటికెలు.
"ఆర్కాటు నవాబువి" అన్నాడు మేస్త్రీ.
"కాదబ్బా, పాళెగాళ్ళవి" అన్నాడు టీకొట్టు సుబాన్.
ఇటికె ఏమీ అనలేదు.

ఆ కింద తడి.
ఏ కాలం నుంచి కారతా ఉండాయో నీళ్ళు!
గురవమ్మ బిందె దించి
"నీవా ఏరు ఇట్లే ఊరేదంట, మా అవ్వ చెప్పేది"
అంటా ముంచుకునింది.

కాంట్రాక్టరు ఫోను:
రేపు మంత్రి వస్తాండాడు, పూడ్చేయండి.

పూడ్చినాం.
జేసీబీకి శతాబ్దాలు తెలీవు.
సున్నం పైకొచ్చె, తారు అడుక్కిపాయె,
నాడా నడాన ఎక్కడో ఇరుక్కునింది.
నూరేళ్ళ తర్వాత ఎవురన్నా తవ్వితే
నవాబు కంటే ముందు
గుట్కా నమిలే రాజులు ఈ ఊరు ఏలినారని
రాసుకుంటారు.

రాసుకోనీ.
లీకు ఇంకా దొరకలేదు.